రోష్నీ ఎవరి హిస్సా?

ఈ మధ్య ఏ రిష్తేదార్ ఇంటికి దావత్‌కు పోయినా, దస్తర్‌ఖాన్ ఎత్తేశాక ఒకటే బహస్. టీవీ కొనాలా, ప్రొజెక్టర్ కొనాలా? నౌజవాన్లంతా ప్రొజెక్టర్ వైపు. బుజుర్గులంతా టీవీ వైపు. నా ఉమ్ర్ వాళ్లం, నలభైలు దాటినవాళ్లం, జేబు తడుముకుంటూ దర్మియాన్‌లో.

పన్ను లెక్కన చూస్తే ఇద్దరూ బరాబర్. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 ఇంచులు దాటిన టీవీల మీదా, ప్రొజెక్టర్ల మీదా జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. అప్పటినుంచి మా ఇంట్లో కూడా ఈ బహస్ ఊపందుకుంది. మా పాత 32 ఇంచుల టీవీలో నిలువు గీతలు వచ్చి చాలా రోజులైంది. న్యూస్ చదివే అమ్మాయి ముఖం మీద మూడు గీతలు, క్రికెట్ పిచ్ మీద మూడు గీతలు. పిల్లలు వాటికి "స్టంప్స్" అని పేరు కూడా పెట్టేశారు. కొత్తది కొనక తప్పదు. ఏం కొనాలన్నదే మసలా.

మా ఇంట్లో ఉండేది ఆరుగురం. అమ్మీ, నేను, బేగం, ఇంటర్ చదివే బేటా, తొమ్మిదో తరగతి బేటీ, అందరికన్నా ఛోటా ఒకడు. కిరాయి ఇల్లు. హాలు పద్నాలుగు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. ఆ హాలే మాకు దీవాన్‌ఖానా, అదే పిల్లల చదువుల గది, అదే అమ్మీ నమాజు జాగా, రాత్రి అదే అమ్మీ పడకగది. ఈ నఖ్షా గుర్తు పెట్టుకోండి, అసలు గొడవంతా ఇందులోనే ఉంది.

ముందు మాట గురించి ఒక మాట. ఉర్దూలో సినిమా తెరను పర్దా అంటాం. ఇంటి గుమ్మానికి వేలాడేదీ పర్దానే. ఒకటి దాచడానికి, ఇంకోటి చూపించడానికి. తెలుగులోకి వచ్చాక తెలిసింది, తెలుగు "తెర"ది కూడా ఇదే కిస్సా అని. నాటకానికి అడ్డంగా కట్టేదీ తెరే, సినిమా పడేదీ తెరే. రెండు జబాన్లకూ ఒకే ఖయాల్ ఎట్లా తట్టిందో! అయితే తెర మీద బొమ్మ పడటానికి తరీఖాలు రెండున్నాయి. తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఒకటి తెలుసు. తెల్ల గుడ్డ వెనకాల దీపాలు, దీపాలకూ గుడ్డకూ మధ్య రంగుల బొమ్మ. వెలుగు బొమ్మలోంచి దాటి, గుడ్డలోంచి దాటి మన కళ్లకు వస్తుంది. మన ఎల్ఈడీ టీవీ చేసేది కూడా అదే. వెనక ఎల్ఈడీ చిరాగులు, ముందు లిక్విడ్ క్రిస్టల్ పొర. తోలుకు బదులు ఆ పొర వెలుగును ఎక్కడ ఆపాలో ఎక్కడ వదలాలో చూసుకుంటుంది. ప్రొజెక్టర్ తరీఖా ఉల్టా. దీపం మన వైపు నుంచే పోయి, దీవార్‌కు తగిలి, తిరిగి మన దగ్గరికి వస్తుంది. ఫర్క్ అంతా ఇక్కడే. తిరిగొచ్చేటప్పుడు ఆ వెలుగు ఒంటరిగా రాదు, గదిలో ఉన్న వెలుగులన్నిటినీ వెంటేసుకుని వస్తుంది.

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు ఇబ్నుల్ హైసమ్ పేరు కొత్త కాదు. బస్రాలో పుట్టిన ఆలిమ్, దాదాపు వెయ్యేళ్ల కింద వెలుగు గురించి, చూపు గురించి "కితాబుల్ మనాజిర్" రాసినాయన. అందులో ఒక తజ్రిబా ఉంది. చీకటి చోటుకు ఒక చిన్న సూరాఖ్. దాని బయట వేరువేరు చోట్ల కొన్ని చిరాగులు. లోపల దీవార్ మీద ఒక్కో చిరాగ్‌కు ఒక్కో వెలుగు మచ్చ పడుతుంది. ఏ చిరాగ్‌ను మూసేస్తే దాని మచ్చ ఒక్కటే పోతుంది, మిగతావి అట్లాగే ఉంటాయి. అంటే వెలుగులు ఒకే సూరాఖ్‌లోంచి దూరినా ఒకదాన్నొకటి ఖరాబ్ చేసుకోవు. దారిలో అవి అంత షరీఫ్‌గా ఉంటాయి. కానీ అన్నీ దీవార్ మీద ఒకే చోట పడితే కథ వేరు. అక్కడ అన్నీ జమా అయిపోతాయి. ప్రొజెక్టర్ రోష్నీ, ట్యూబ్‌లైట్ రోష్నీ, కిటికీలోంచి వచ్చిన ఎండ, ఏది ఎవరిదో దీవార్‌కు ఫర్క్ తెలీదు.

అందుకే ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. నలుపంటే వెలుగు లేకపోవడం. లేనిదాన్ని ఏ మెషీన్ మాత్రం ఎట్లా వేస్తుంది? హీరోయిన్ జుల్ఫులు నల్లగా కనపడాలంటే అక్కడ దీవార్ చీకట్లో ఉండాలి. లైట్ వేశారంటే జుల్ఫులు సున్నం రంగుకు తిరుగుతాయి.

కొంచెం హిసాబ్ చేద్దాం. వంద ఇంచుల పర్దా అంటే మూల నుంచి మూలకు వంద. వెడల్పు 2.2 మీటర్లు, ఎత్తు మీటరుంబావు. 500 ల్యూమెన్స్ నిజంగా ఇచ్చే ప్రొజెక్టర్ ఆ పర్దా మీద వేస్తే తెలుపు మెరుపు అరవై నిట్స్‌కు కాస్త తక్కువ. మామూలు ఎల్ఈడీ టీవీ 250 నుంచి 350 నిట్స్ ఇస్తుంది. చూడగానే అరవై మరీ తక్కువ అనిపిస్తుంది గానీ, డిజిటల్ సినిమా హాలు తెరకు పెట్టుకున్న ప్రమాణమే 48 నిట్స్. కాబట్టి పూర్తి చీకట్లో ఆ అరవై చాలు, మజా వస్తుంది. అదే ట్యూబ్‌లైట్ వెలిగిన గదిలో తెల్ల దీవార్ ఏ ప్రొజెక్టర్ లేకుండానే పాతిక ముప్పై నిట్స్ మెరుస్తుంటుంది. అప్పుడు మీ నలుపు ముప్పై, తెలుపు తొంభై. రెండింటి మధ్య మూడింతలే ఫర్క్. చాయ్‌లో పాలు మరీ ఎక్కువైతే ఎట్లుంటుందో బొమ్మ అట్లుంటుంది.

ఇంక ఇష్తెహార్ల సంగతి. ఆన్‌లైన్లో ఎనిమిది, పదివేలకు దొరికే డబ్బాల మీద "9000 ల్యూమెన్స్", "4కే సపోర్ట్" అని ఉంటుంది. ల్యూమెన్స్ అన్న మాట ముందు ఆన్సీ అని ఉందా లేదా చూడండి. ఆన్సీ అంటే పర్దాను తొమ్మిది భాగాలు చేసి, తొమ్మిది చోట్లా కొలిచి సగటు తీసేది. అది రాయకపోతే ఆ అంకె మీద భరోసా పెట్టుకోవద్దు. వేలల్లో రాసిన డబ్బాలు చాలావాటిలో అసలు వెలుగు రెండు మూడు వందలు దాటదు. "4కే సపోర్ట్" అంటే 4కే సిగ్నల్‌ను లోపలికి తీసుకుంటుందని, 4కేలో చూపిస్తుందని కాదు. "నేటివ్ రిజల్యూషన్ ఎంత?" అని అడిగితే షాపులో కుర్రాడు గొంతు తగ్గించి 720 అంటాడు. వంద ఇంచుల మీద 720 అంటే ముఖాలు నీళ్లలో తడిసినట్టే.

మ్యాచ్‌ల సంగతి ఇంకా తమాషా. 2023 నవంబర్ 19, వరల్డ్ కప్ ఫైనల్. మా గల్లీ కుర్రాళ్లు చందాలేసుకుని ప్రొజెక్టర్ కిరాయికి తెచ్చారు. మ్యాచ్ మొదలైంది మధ్యాహ్నం రెండింటికి. ముందు బ్యాటింగ్ మనవాళ్లది. ఎండలో తెల్లగుడ్డ మీద పదకొండు మంది దయ్యాలు తిరుగుతున్నట్టుంది తప్ప బంతి కనపడదు. 240 పరుగులూ మేం చెవులతోనే విన్నాం. మగ్రిబ్ అజాన్ అయి చీకటి పడ్డాక బొమ్మ ఒక్కసారిగా మాషా అల్లాహ్ అన్నట్టు తేరుకుంది. అప్పుడు క్రీజులో ఉన్నది ట్రావిస్ హెడ్. ఆయన 137 పరుగులూ చెమట చుక్కతో సహా సాఫ్‌గా చూశాం. ప్రొజెక్టర్ మీద ఆ కుర్రాళ్ల కోపం ఇప్పటికీ పోలేదు.

మా బేటా దలీల్ మాత్రం గట్టిదే, కొట్టిపారేసేది కాదు. "అబ్బా, 55 ఇంచుల టీవీ కన్నా వంద ఇంచుల పర్దా మూడింతల పైన పెద్దది. టీవీ ఉంటే నువ్వు ఫోన్ చూస్తావు, అమ్మీ కూరగాయలు తరుగుతుంది, చెల్లె ఇన్‌స్టా చూస్తుంది. చీకటి చేస్తే అందరం ఒకటే చూస్తాం" అన్నాడు. వాడి లెక్క సహీ. 100ను 55తో భాగించి వర్గం చేస్తే 3.3. రెండో మాట కూడా సహీనే. సినిమా హాల్లో అంధేరా లేకపోతే మనం పక్కవాడి చొక్కా చూస్తూ కూర్చునేవాళ్లం. అయిదుగురం మల్టీప్లెక్స్‌కు పోతే టికెట్లు, పాప్‌కార్న్, ఆటో కలిపి రెండు వేలకు తక్కువ తేలదు. ఇరవై సినిమాలు ఇంట్లో చూస్తే ప్రొజెక్టర్ పైసలు వసూల్ అంటాడు.

ఇంకో ఖూబీ కూడా ఉంది, అది వాడికి తట్టలేదు, నాకు తట్టింది. మన ఇలాఖాలో ఖిబ్లా పడమర. మా హాల్లో పడమటి దీవార్‌ను మేం ఖాళీగానే ఉంచుతాం. క్యాలెండర్ కూడా ఉండదు. ఉత్తరం దీవార్‌కు అల్మారా, షోకేసు, పాత టీవీ. దక్షిణానికి కిటికీలు. తూర్పుకు దర్వాజా. పడమట పెద్ద టీవీ బిగిస్తే, ఆఫ్ చేసి ఉన్నా నల్ల అద్దంలో మన రుకూ మనకే కనపడుతుంది, నమాజులో ధ్యాస నిలవదు. ప్రొజెక్టర్‌కు ఆ ముసీబత్ లేదు. స్విచ్ తీసేస్తే దీవార్ మళ్లీ దీవారే. సాయంత్రం సినిమా, ఇషాకు నమాజు, రెండింటికీ ఒకే దీవార్. ఫత్వా ఇవ్వడం నా పని కాదు, జాగా లేని ఇళ్లల్లో జాగా సంగతి చెబుతున్నా అంతే.

సరే, మాటలెందుకని మా బేగం తమ్ముడు ఒక రాత్రి తన ప్రొజెక్టర్ పట్టుకొచ్చాడు. మా హాలు దీవార్లు లేత సబ్జా రంగు. మన ఇళ్లల్లో ఈ రంగు ఎంత ఆమ్‌గా ఉంటుందో మీకు తెలుసు. సబ్జా దీవార్ మీద వేస్తే మనుషులంతా కామెర్లు వచ్చినట్టు కనపడ్డారు. తెల్ల దుప్పటి కట్టాం. ఫ్యాన్ గాలికి దుప్పటి ఊగితే హీరో నడుము కూడా ఊగింది. ఫ్యాన్ ఆపాం. మెషీన్‌ను ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తకరార్. దాని త్రో రేషియో 1.2. అంటే వంద ఇంచుల బొమ్మకు దీవార్ నుంచి తొమ్మిది అడుగులకు కాస్త తక్కువ దూరం కావాలి. మా హాల్లో అది సరిగ్గా నడిమధ్య. అందరూ వంటింట్లోకి పోయే తోవ. సీలింగ్‌కు బిగించొచ్చు గానీ కిరాయి ఇంట్లో మకాన్‌దార్ మేకు కొడితేనే మొహం ముడుస్తాడు. దీవార్‌కు ఆనుకుని పెట్టుకునే అల్ట్రా షార్ట్ త్రో రకం ఉంది, దాని ధర వింటే అమ్మకం కుర్రాడికే జాలేసి చల్లని నీళ్లిచ్చాడు. చివరికి స్టూల్ మీద పెట్టి, ఛోటాను దానికి పహరా కూర్చోబెట్టాం.

సినిమా పది నిమిషాలు నడిచింది. అప్పుడు అమ్మీ అడిగింది, "మక్కా లైవ్ ఆతా క్యా రే ఇస్ మే?" అని. బేటా ఫోన్‌లోంచి పెట్టాడు. దుప్పటి మీద హరమ్ షరీఫ్ వచ్చింది. దీవార్ నిండా మతాఫ్, మధ్యలో నల్ల గిలాఫ్‌తో కాబా, చుట్టూ తెల్లగా తిరుగుతున్న మనుషులు. ఎవరూ మాట్లాడలేదు. అమ్మీ దీవాన్ మీంచి లేచి నిలబడింది, పల్లూ తలమీదికి లాక్కుంది, దుప్పటి దగ్గరికి నడిచింది. మెషీన్ వెలుగు ఆమె వీపు మీద పడి, ఆమె సాయా తవాఫ్ చేసేవాళ్ల మధ్యన పడింది. చేయి చాపితే చేయి సాయా కూడా. అమ్మీకి హజ్ ఇంకా నసీబ్ కాలేదు. అబ్బా ఉన్నప్పుడు జమచేసిన పైసలు అబ్బా ఇలాజ్‌కే పోయాయి. అక్కడ అంతసేపు నిలబడి ఏం దువా చేసిందో నేను అడగలేదు. బేటా మాత్రం నా వైపు చూశాడు, ముఖద్దమా గెలిచిన వకీల్ లాగా. నేనూ మనసులో ఒప్పేసుకున్నా.

మర్నాడు జుహర్ తర్వాత అమ్మీ మళ్లీ పెట్టమంది. బేటా ఉషారుగా పెట్టాడు. దక్షిణపు కిటికీలోంచి ఎండ హాల్లోకి సగం దాకా వచ్చి ఉంది. దుప్పటి మీద ఏదో పాల మరకలాగా కదులుతోంది. అమ్మీకి ఒక కంటికి మోతియాబింద్ ఆపరేషన్ అయింది, ఇంకో కంటికి కావాలి. మోతియాబింద్ ఉన్న కంటికి మసక మసక ఫర్కులు అస్సలు దొరకవు, ఎదురు వెలుగు ఉంటే ఇంకా కష్టం. చాలాసేపు చూసి "కహాఁ హై రే కాబా? సఫేదీచ్ సఫేదీ దిఖ్రీ" అంది. తెలుపే తెలుపు కనపడుతోంది, కాబా ఎక్కడరా అని. బేటా పరిగెత్తి కిటికీలు మూశాడు, వాటి మీద కంబళ్లు కప్పాడు. కొంచెం నయం. కానీ ఫ్యాన్ లేదు, గాలి లేదు, బేటీ తన లెక్కల పుస్తకం ఎత్తుకుని గడప మీదికి పోయింది, బేగం బియ్యంలో రాళ్లు ఏరుతున్న చాట పట్టుకుని వంటింట్లోకి పోయింది. అమ్మీ అన్నీ గమనించింది. "నక్కో బేటా. మేరే వాస్తే సబ్ కు అంధేరే మే నక్కో బిఠాఓ" అంది. నాకోసం అందర్నీ చీకట్లో కూర్చోబెట్టొద్దు.

నాకు ఈ బహస్‌లో అసలు సవాల్ అప్పుడు కనపడింది. నేను ఇన్నాళ్లూ ల్యూమెన్స్, నిట్స్, ఇంచులు లెక్కపెడుతున్నా. లెక్కపెట్టాల్సింది హాల్లో లైట్ ఎవరి కోసం వెలుగుతుందో. ఫజర్ తర్వాత అమ్మీ తిలావత్‌కు కావాలి. పొద్దున బేగంకు పిల్లల డబ్బాలు సర్దడానికి కావాలి. మధ్యాహ్నం కిటికీ ఎండలో ఆమె కుట్టుమిషన్. సాయంత్రం బేటీ హోంవర్క్. రాత్రి పదకొండుకు నేను ఆఫీసు నుంచి వచ్చి అన్నం తినడానికి. మధ్యరాత్రి అమ్మీ బాత్రూంకు లేస్తే తోవలో స్టూల్, వైరు తగలకుండా చిన్న లైట్. ఒక ఇంట్లో రోష్నీ కూడా జాయ్‌దాద్ లాంటిదే, అందరికీ హిస్సా ఉంటుంది. ప్రొజెక్టర్ అందరి హిస్సాలూ తీసుకుని ఒక దీవార్‌కు ఇస్తుంది. అది చెడ్డదని కాదు. విడిగా గది ఉన్నవాళ్లకు, చీకటి చేసినా ఎవరి పనీ ఆగని ఇళ్లకు అది బాద్షాహీ షౌక్. మా ఇంట్లో చీకటికి జాగా లేదు, అంతే.

"థియేటర్ ఇంటికొస్తుంది" అని బేటా అన్నప్పుడు బేగం ఇచ్చిన జవాబ్ ఇదే మాటను నాకన్నా ముందే చెప్పింది. "థియేటర్‌కు పోతే నేనూ కూర్చుని చూస్తా. థియేటరే ఇంటికొస్తే ఇంటర్వెల్‌లో చాయ్ ఎవరు పెడతారు?" టీవీ అయితే ఆమె చేసే పని ఆపకుండా చూస్తుంది, వదిలేసి లేస్తుంది, మళ్లీ వచ్చి అందుకుంటుంది. అది ఆరామ్ కాదని నాకు తెలుసు. ఆ పని ఎట్లా పంచుకోవాలన్నది ఇంకో బహస్, దాన్ని ఏ మెషీన్‌తోనూ తేల్చలేం.

టీవీకి కూడా ఐబులున్నాయి. ఛోటా విసిరిన బంతి ఒకటి తగిలితే ప్యానెల్ ఖతం, కొత్త ప్యానెల్ ధర కొత్త టీవీ ధరకు దగ్గర దగ్గరగా ఉంటుంది. ఇల్లు మారినప్పుడల్లా గుండె చేత్తో పట్టుకుని మోయాలి. ప్రొజెక్టర్‌కు వేరే ఐబు, దుమ్ము. గురువారం సాయంత్రం లోబాన్ పొగ, రోజూ ఖట్టీ దాల్‌కు పెట్టే బఘార్ పొగ, ఇవి ఫ్యాన్ సందుల్లోంచి లోపలికి పోయి చౌక రకాల అద్దాల మీద పేరుకుంటాయి, బొమ్మ మీద మచ్చలు పడతాయి. కరెంటు చూస్తే 55 ఇంచుల ఎల్ఈడీ టీవీ నూట ఇరవై వాట్స్ అనుకుంటే రోజుకు అయిదు గంటల చొప్పున నెలకు 18 యూనిట్లు. 300 వాట్స్ ల్యాంప్ ప్రొజెక్టర్ అయితే 45. చిన్న ఎల్ఈడీ ప్రొజెక్టర్లు టీవీ కన్నా తక్కువే తాగుతాయి, అందుకు తగ్గట్టే వెలుగుతాయి.

సైజు హిసాబ్ కూడా చెప్పి ముగిస్తా. కూర్చునే చోటు నుంచి టీవీ దాకా దూరం ఇంచుల్లో కొలిచి 1.6తో భాగించండి. మాకు ఎనిమిది అడుగులు, అంటే 96 ఇంచులు. భాగిస్తే 60. ఉత్తరం దీవార్‌కు అల్మారా పక్కన నాలుగడుగుల జాగా ఉంది, 55 ఇంచుల టీవీ వెడల్పు సరిగ్గా నాలుగడుగులు. కోఠీ గుజరాతీ గల్లీలో నాలుగు దుకాణాలు తిరిగి, బేరమాడి, అదే తెచ్చాం. పడమటి దీవార్ ఎప్పటిలాగే ఖాళీ. అమ్మీ మధ్యాహ్నం ఎండలో, కిటికీలు తెరిచి, తస్బీహ్ తిప్పుకుంటూ హరమ్ చూస్తుంది. గిలాఫ్ మీది బంగారు అక్షరాలు ఆపరేషన్ అయిన కంటితో చదవాలని చూస్తుంది. ఇంకో కన్ను కూడా చేయిస్తే చదివేస్తుంది, ఇన్షా అల్లాహ్. తారీఖు తీసుకున్నాం.

బేటా ఇంకా రాజీ కాలేదు. వంద ఇంచులు వంద ఇంచులే అంటాడు. వాడితో ఒక ముఆహదా కుదిరింది. బాసీ ఈద్ రాత్రి మిద్దె మీద, ప్రొజెక్టర్ కిరాయికి తెచ్చి, గల్లీ పిల్లలందరికీ సినిమా. మిద్దె మీద చీకటి ఎవరి హిస్సా కాదు కాబట్టి ఎంతైనా వాడుకోవచ్చు. తెల్ల దుప్పటి బేగం ఇస్తానంది. చాయ్ మాత్రం బేటానే పెట్టాలని షర్తు.